రీలుకీ రీలుకీ మధ్య

సినిమా హాలు గురించి చెప్పమంటే జనం సినిమా గురించి చెప్తారు. ఆ వేసవంతా నా తల ప్రాణం తోకకొచ్చింది దీంతోనే. హాలు గోడలకి ఏ రంగు వేసేవాళ్ళు, టికెట్లు ఏ వైపు ఇచ్చేవాళ్ళు, ఆడవాళ్ళ తలుపు ఎటు తెరుచుకునేది, పైకప్పు రేకులా పెంకులా అన్నవి నా ప్రశ్నలు. "ఆ హాలా, ఎందుకు గుర్తులేదమ్మా" అని కుర్చీ ముందుకి లాక్కుంటారు. ఇక హీరో గుర్రం మీంచి దూకిన దగ్గర మొదలుపెట్టి, తల్లి కొడుకుని పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టేదాకా కథంతా చెప్పి, కళ్ళు తుడుచుకుని, "అలాంటివి ఇప్పుడెక్కడొస్తున్నాయి" అంటారు. పైకప్పు సంగతి మళ్ళీ అడిగితే, "పైకి ఎవరు చూశారమ్మా" అంటారు.

నేను బళ్ళో సోషల్ చెప్తాను. ఆ ఏడు సెలవులు ఇచ్చిన వారానికే మా ఊరి లైబ్రేరియన్ పిలిచి, ఊళ్ళో మూతపడ్డ సినిమా హాళ్ళ చరిత్ర రాసిపెట్టమన్నాడు. లైబ్రరీ తరఫున పుస్తకం వేస్తారట. వానలు మొదలయ్యేలోపు ఇవ్వాలి. సరే అన్నాను. ఒక హాలు మందుల గోడౌను అయింది, ఒకటి కార్లు బాగుచేసే షెడ్డు అయింది, ఒకదాని స్థలంలో పిచ్చిమొక్కలు తప్ప ఏమీ లేవు. ఇంకా నిలబడి ఉన్నది మా హాలు ఒక్కటే. అది కూడా రోడ్డు వెడల్పులో పోతోంది, వేసవి చివర్లో పడగొడతామని నోటీసు అంటించి పోయారు.

మా హాలు అంటే నాన్నా బాబాయీ కలిసి కట్టిన హాలు. నేను అందులోనే పెరిగాను. దాని గురించి రాయడానికి నాకు ఇంకొకరు చెప్పాలా? చెప్పాలట. లైబ్రేరియన్ నాకంటే చాలా చిన్నవాడు, గొంతు పెంచడు, మొండివాడు.

"మీకు తెలిసింది రాయకండి మేడమ్. ఎవరో ఒకరు చెప్పాలి, వాళ్ళ గొంతు రికార్డు చెయ్యాలి, అప్పుడే రాయాలి."

"మా హాలు గురించి కూడానా?"

"మీ హాలు గురించి మరీను. మీరే చెప్పి మీరే రాసుకుంటే అది చరిత్ర కాదు, సొంత గోడు. ఇంకో సంగతి. మాట మీరు అందించకూడదు. 'ఇలా జరిగింది కదండీ' అని అడగకూడదు. వాళ్ళంతట వాళ్ళే చెప్పాలి."

అప్పటికి అది మంచి పద్ధతేననిపించింది. ఆ పద్ధతే నా పీకకి చుట్టుకుంటుందని తెలిస్తే అప్పుడే లేచి వచ్చేసేదాన్ని.

మొదట్లో బాగానే నడిచింది. ఊళ్ళో నల్లుల హాలు అని ఒకటుండేది. గోడ మీద ఇంకేదో పేరు రాసి ఉన్నా ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. దాని యజమాని కొడుకు ఇప్పుడు సైకిళ్ళ దుకాణం నడుపుతున్నాడు. నేను నలుగురి దగ్గర నల్లుల సంగతి రికార్డు చేశానని ఎలాగో తెలిసి, నన్ను నడిరోడ్డు మీద ఆపాడు.

"ఊళ్ళో బాల్కనీ కట్టిన మొదటి హాలు మాది. అది రాయండి. నల్లులెందుకమ్మా?"

"అందరూ ఆ పేరే చెప్తున్నారు కదండీ."

"అందరూ నోరు పారేసుకుంటే మీరు అచ్చు వేసేస్తారా? రేపు నా మనవడు చదువుతాడు."

"చరిత్రంటే చరిత్రేనండీ" అన్నాను, క్లాసులో అన్నట్టే. "మా హాలు వంతు వస్తుందిగా. మా లోటు కూడా ఇలాగే రాస్తాను. దాచేది లేదు."

"చూద్దాం లెండి" అని ఆయన దుకాణంలోకి వెళ్ళిపోయాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. రాసి చూపిస్తానని పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చాను.

మా లోటేమిటో చెప్పాలంటే మిషన్ల సంగతి చెప్పాలి. అప్పట్లో సినిమా రీళ్ళు రీళ్ళుగా వచ్చేది. హాల్లో రెండు మిషన్లు ఉండేవి. ఒకదాంట్లో రీలు అయిపోతుండగా రెండోది అందుకునేది. చూసేవాళ్ళకి రీలు మారినట్టే తెలిసేది కాదు. మా హాల్లోనూ రెండు మిషన్లు, నాన్న కొన్నదొకటి, బాబాయి కొన్నదొకటి. నాకు ఏడేళ్ళప్పుడు అన్నదమ్ములిద్దరికీ చెడింది. ఎందుకు చెడిందో నేను అడిగిన ప్రతిసారీ కారణం మారింది. ఒకసారి కుర్చీల రెక్సిన్ రంగు అన్నారు, ఒకసారి గేటు దగ్గరి మనిషిని ఎవరు మాన్పించారన్న గొడవ అన్నారు, ఒకసారి నన్ను పట్టుకుని "అప్పటికి నువ్వు పుట్టలేదులే" అన్నారు.

హాలు వదులుకోవడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. అందుకని ఆటలు పంచుకున్నారు. పగటి ఆటలు నాన్నవి, సాయంత్రం నుంచి బాబాయివి. అక్కడితో ఆగినా బాగుండేది. నాన్న తన ఆటకి బాబాయి మిషన్ ముట్టుకోడు, బాబాయి తన ఆటకి నాన్న మిషన్ ముట్టుకోడు. ఎవరి ఆట అయిపోగానే వాళ్ళు తమ మిషన్‌కి గుడ్డ కప్పి, గొలుసు చుట్టి, తాళం వేసుకుని పోయేవాళ్ళు. ఒక్క మిషన్‌తో సినిమా అంటే రీలు రీలుకీ ఆపాలి. దీపం ఆర్పి, రీలు మార్చి, మళ్ళీ వెలిగించాలి. అంతసేపూ హాలంతా చీకటి. హీరో కత్తి ఎత్తిన చోట ఆగేది, పెళ్ళికూతురు తలెత్తబోయే చోట ఆగేది. జనం ఈలలు వేసి, కుర్చీలు బాది, బూతులు తిట్టి, కొన్నేళ్ళు భరించి, ఆ తర్వాత రావడం మానేశారు. నా కాలేజీ చదువు పూర్తికాకుండానే హాలు మూతపడింది. నేను బళ్ళో చదువుకునే రోజుల్లో నేను గదిలోకి అడుగు పెట్టగానే ఆడుకుంటున్న పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా నిలబడిపోయేవాళ్ళు. ఎవత్తో ఒకత్తి, "రీలు మార్చండే" అని అరిచేది. అప్పుడు మళ్ళీ కదిలేవాళ్ళు. ఇది నాకు ఏళ్ళ తరబడి జరిగింది.

కాబట్టి ఆ చీకటి పుస్తకంలో పడాలి. ఇది ఇలా జరిగింది, మా వాళ్ళ పంతం వల్లే హాలు పోయింది అని ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే. ఊళ్ళో తిరిగాను. మా హాల్లో సినిమా చూసినవాళ్ళు వీధికి పదిమంది దొరికారు. "ఆ హాల్లో కూర్చుంటే ఎలా ఉండేదండీ?" అని అడిగి, ఆ మాట వస్తుందేమోనని నోటి వైపే చూస్తూ కూర్చునేదాన్ని. గుర్రాలు వచ్చేవి, పుట్టుమచ్చలు వచ్చేవి. ఒకాయన విలన్ నవ్వు నవ్వి చూపించాడు. రీలు ఆగేదని ఒక్కరి నోటా రాలేదు. నేను అందించకూడదు. నాలుక కొరుక్కుని ఇంటికొచ్చేదాన్ని.

చివరికి ఇంట్లోవాళ్ళనే కూర్చోబెట్టాను. ముందు నాన్న. వసారాలో ఫోన్ ఆయన ముందు పెట్టి, "హాలు గురించి చెప్పు నాన్నా" అన్నాను, అంతే.

"ఏముంది చెప్పడానికి. రెండు మిషన్లున్న హాల్లో ఒక్కదాంతో ఆడించాల్సిన ఖర్మ పట్టించాడు మీ బాబాయి. జనం నన్ను తిట్టేవాళ్ళు. ఎవడు చేసిన పనికి ఎవడు తిట్లు తిన్నాడు? రాసుకో. ముందు తాళం వేసింది వాడు."

రెండు వీధుల అవతల బాబాయి ఇల్లు. నేను మాత్రం ఎప్పుడూ వెళ్ళొస్తూనే ఉండేదాన్ని, పిల్లలకి ఆంక్షలు లేవు. బాబాయి కూడా అంతే తొందరగా అందుకున్నాడు.

"ముందు తాళం వేసింది మీ నాన్న తల్లీ. నేను మిషన్ గది తెరిచి చూసేసరికి గొలుసు. సరే, నాకూ గొలుసులు దొరుకుతాయి అనుకున్నాను. రీలు రీలుకీ ఆపుకుంటూ ఆట నడిపాను. పాపం జనం."

ఇద్దరూ ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోసుకున్నందుకు ఆ ఒక్కసారే సంతోషించాను. ముందు ఎవరు వేస్తే నాకేం? గొలుసు ఉంది, చీకటి ఉంది, రెండు గొంతులూ ఒకే మాట చెప్తున్నాయి.

అసలు సాక్ష్యం అమ్మ ఇచ్చింది. అమ్మా పిన్నీ సొంత అక్కచెల్లెళ్ళు. అన్నదమ్ములకి ఇచ్చి చేశారు. వీళ్ళకి చెడిన రోజు నుంచి వాళ్ళకి రాకపోకలు లేవు. ఒకే ఊళ్ళో ఉండి పరాయి పెళ్ళిళ్ళలో కలుసుకునేవాళ్ళు. ఫోన్లు వచ్చాక నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళు. ఇంతవరకూ నాకు తెలుసు. ఆ రోజు అమ్మ చెప్పింది మాత్రం తెలియదు.

"నేను మీ బాబాయి ఆటకి వెళ్ళేదాన్నే" అంది అమ్మ. "కుట్టు నేర్చుకోడానికి పోతున్నానని మీ నాన్నతో చెప్పేదాన్ని. మీ పిన్ని ముందే వచ్చి ఆడవాళ్ళ బెంచీలో నాకు చోటు ఆపి ఉంచేది."

"నాన్నకి తెలియలేదా?"

"అన్నేళ్ళు నేర్చుకున్నా జాకెట్టు కుట్టడం రాలేదేమని ఆయన అడగనే లేదు." అమ్మ నవ్వింది. "బొమ్మ నడుస్తున్నంతసేపూ మాట్లాడుకోడానికి లేదు, వెనకవాళ్ళు కసురుకుంటారు. రీలు ఆగేది చూడు, అప్పుడు. ఈలలు, తిట్లు, చీకటి. ఆ గోలలో మేం ఏం మాట్లాడుకున్నా ఎవరికీ వినపడేది కాదు. దాని పిల్లాడి జ్వరం, నీ చదువు, అమ్మ పోయినప్పటి ఏడుపు, అన్నీ ఆ చీకట్లోనే. అందరూ ఎప్పుడు వెలుగొస్తుందా అని తిట్టుకుంటుంటే మేమిద్దరం ఇంకాస్త ఆగితే బాగుణ్ణనుకునేవాళ్ళం."

ఫోన్‌లో రికార్డు నడుస్తోందో లేదో చూసుకున్నాను. "ఇది పుస్తకంలో వేస్తాను" అన్నాను.

"వెయ్యి. ఇప్పుడు నాకేం భయం" అంది అమ్మ.

ఆ మధ్యాహ్నమే కూర్చుని మా హాలు అధ్యాయం ఒక్క ఊపులో రాసేశాను. పుస్తకం మొత్తంలో అంత బాగా ఇంకేదీ రాలేదు. లైబ్రేరియన్ చదివి, కళ్ళజోడు తీసి, "ఇదండీ చరిత్రంటే" అన్నాడు. దాంతో అతనికి ఇంకో కోరిక పుట్టింది. హాలు కూల్చేలోపు ఆ రెండు మిషన్లూ కలిసి నడవడం వీడియో తీస్తే బాగుంటుందట.

"మీకు తెలియక అంటున్నారు. ఆ ఇద్దరూ ఒక గదిలో నిలబడి ఎంత కాలమైందో" అన్నాను.

"ప్రయత్నించండి మేడమ్."

హాలు మూతపడ్డాక లోపల కాగితాల గోడౌను పెట్టుకోడానికి అద్దెకిచ్చారు గానీ, మిషన్ గది ఎవరికీ ఇవ్వలేదు. వారానికోసారి నాన్న వెళ్ళి తన మిషన్‌కి నూనె వేసి వచ్చేవాడు. బాబాయి ఇంకో రోజు వెళ్ళి తనదానికి వేసుకునేవాడు. పక్క మిషన్ తుప్పు పట్టిందా లేదా అని ఇద్దరూ ఓరగా చూసుకునే ఉంటారు. నేను నాన్నతో, "బాబాయి మిషన్ ఒక్కటే నడుస్తోందట, దాన్నే వీడియో తీస్తున్నారు" అన్నాను. బాబాయితో నాన్న మిషన్ గురించి అదే చెప్పాను. ఇద్దరూ చెప్పిన టైముకి ముందే వచ్చారు.

కరెంటు పనివాడు పాత దీపాల చోట పెద్ద బల్బులు బిగించి పెట్టాడు. పాత డబ్బాల్లో మిగిలిన బొమ్మ ఒకటే, దోమల వల్ల వచ్చే జబ్బుల మీద ప్రభుత్వం తీయించిన రెండు రీళ్ళు. నాన్న ఇనుప మెట్లెక్కి వచ్చి బాబాయిని చూసి, నా వైపు ఒక చూపు చూశాడు. నేను గోడ వైపు తిరిగాను. వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. తన మిషన్ మీది గుడ్డ తీసి మడత పెట్టాడు. బాబాయి తనది తీసి మడత పెట్టాడు. మొదటి రీలు నాన్న ఎక్కించాడు, రెండోది బాబాయి ఎక్కించాడు. కింద హాల్లో మిగిలిన నాలుగు కుర్చీల్లో అమ్మా పిన్నీ కూర్చున్నారు. సినిమా వేస్తున్నారట అని నేనే ఇద్దరినీ పిలిచాను.

రీలు చివరికొచ్చేసరికి బొమ్మ పైమూల చిన్న చుక్క పడుతుంది. అది చూసి రెండో మిషన్ మోటారు వెయ్యాలి. ఇంకో చుక్క పడగానే ఇటు మూసి అటు తెరవాలి. మామూలు వాళ్ళకి ఆ చుక్క కనపడదు. గోడలోని చిన్న కిటికీల్లోంచి ఇద్దరూ చెరోవైపు చూస్తున్నారు. చుక్క పడింది, బాబాయి మిషన్ గిర్రుమంది. నాన్న వెనక్కి తిరగకుండానే ఒక వేలు ఎత్తాడు. రెండు చేతులు ఒకేసారి కదిలాయి. నేను తెర వైపు చూశాను. మొదటి రీల్లో నీళ్ళ మీంచి లేచిన దోమ రెండో రీల్లో మనిషి చేతి మీద వాలింది. మధ్యలో రెప్పపాటు చీకటి కూడా లేదు.

"నీ స్ప్రింగు వదులైంది" అన్నాడు నాన్న.

"ఎక్కడా దొరకట్లేదన్నయ్యా."

"నా దగ్గరుంది. పొద్దున రా."

లైబ్రేరియన్ కెమెరా సర్దుకుంటూ ఈ మాటలు విననే లేదు. కింద అమ్మా పిన్నీ తెర వైపు చూడటమే లేదు. వెనక కసిరేవాళ్ళు లేరు కదా, బొమ్మ నడుస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నారు.

పొద్దున్నే బాబాయి వచ్చాడు, స్ప్రింగు కోసం. వెనకే పిన్ని వచ్చింది, దేని కోసమో చెప్పకుండా. మర్నాడూ వచ్చారు. వారం తిరిగేసరికి మిషన్లు రెండూ రిక్షాబండి ఎక్కి మా వసారాలోకి వచ్చి పడ్డాయి. నా బల్ల తీసి వంటింటి పక్కన పెట్టారు. అన్నదమ్ములిద్దరూ నూనె గుడ్డలతో పొద్దస్తమానం వాటి చుట్టూ తిరిగేవాళ్ళు. ఇంట్లో అమ్మ గొంతు మారింది. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. ఇన్నేళ్ళూ గుసగుసలాడిన మనిషి ఇప్పుడు పెరట్లోంచి వసారాకి వినపడేలా చెల్లెల్ని కేకేసి పిలిచేది.

నేనూ సంతోషించాను. అబద్ధమెందుకు. ఆ సంతోషంలోనే, ఒక సాయంత్రం బాబాయి "ఏం రాశావో చదువు తల్లీ, విందాం" అంటే, నా అధ్యాయం తెచ్చి చదవడం మొదలుపెట్టాను.

గొలుసుల దగ్గరికి వచ్చేసరికి నాన్న, "ఆపు" అన్నాడు.

"ఇదేమిటి తల్లీ, మమ్మల్ని ఇలా వీధిలో పెట్టావు" అన్నాడు బాబాయి.

"మీరిద్దరూ చెప్పిందే రాశాను."

"కోపంలో సవాలక్ష అంటాం. అన్నీ అచ్చు వేస్తారా?" అని నాన్న బాబాయి వైపు తిరిగాడు. "తాళం నువ్వు వేశావా?"

"నేనెందుకు వేస్తానన్నయ్యా?"

"నేనూ వెయ్యలేదు."

"మరి గొలుసు దానంతటదే వచ్చి చుట్టుకుందా?" అన్నాను. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"దొంగల భయానికి వేసుంటాం" అన్నాడు బాబాయి, ఆలోచించి.

"ఆఁ, దొంగల భయానికే" అన్నాడు నాన్న. "రాసుకో. టీవీలు వచ్చాయి, జనం తగ్గారు, హాలు మూసేశాం."

"ఆ మాట ప్రతి హాలుకీ ఉంది నాన్నా."

"మాదీ అంతే మరి. మాదేమన్నా ఆకాశంలోంచి ఊడిపడిందా?"

విడిపోయి ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ చెరో సగం నిజం చెప్పారు. కలిసిపోగానే ఇద్దరూ కలిసి ఒకే అబద్ధం చెప్తున్నారు. ఒళ్ళు మండిపోయింది. గుమ్మంలో అమ్మా పిన్నీ దుప్పటి చెరో కొసా పట్టుకుని మడతపెడుతున్నారు.

"అమ్మా, నువ్వు చెప్పు. రీలు ఆగేది కదా. చీకటి పడేది కదా."

పిన్ని అమ్మ మొహం వంక చూసింది. అమ్మ దుప్పటి కొసలు కలిపి పిన్ని చేతికిచ్చింది.

"ఏమోనే. నాకేం గుర్తు? సినిమా చూసుకుంటూ కూర్చునేదాన్ని."

"నీ గొంతు నా ఫోన్‌లో ఉందమ్మా."

"ఉంటే ఉంది. పెద్దదాన్ని, ఏదో వాగుంటాను."

నేను కాగితాలు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను. బాబాయి వాళ్ళు ఇంటికి పోయాక అమ్మని వంటింట్లో నిలదీశాను.

"ఎందుకలా అన్నావు? నేనేం చేశాను నీకు?"

అమ్మ గిన్నెలు సర్దుతూ, "నీ పుస్తకం ఎంతమంది చదువుతారే?" అంది.

"ఎంతమంది చదివితే ఏం?"

"చెప్పు."

"ఓ మూడొందల మంది."

"వాళ్ళు చదివి పక్కన పడేస్తారు. మీ నాన్న రోజూ చదువుతాడు. మీ బాబాయి రోజూ చదువుతాడు. ముందు వేసింది నువ్వంటే నువ్వని నాలుగో రోజుకి మళ్ళీ మొదలు. కుట్టు నేర్చుకోడానికి పోయే వయసా నాది ఇప్పుడు?"

"మరి నేను? బళ్ళో నన్నెలా ఏడిపించేవాళ్ళో నీకు తెలుసు కదా."

"తెలుసు."

"తెలిసీ అంటున్నావా?"

"తెలిసే అంటున్నాను" అని అమ్మ తడి చెయ్యి చీరకి తుడుచుకుని నా తల మీద వేసింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. అతను చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"చెప్పినవాళ్ళు వద్దంటే వాడకూడదు మేడమ్. గొంతు వాళ్ళది. బయటి సాక్షి ఒక్కరు దొరికినా రాసెయ్యండి, నేను చూసుకుంటాను."

మళ్ళీ ఎండలో పడ్డాను. ఆసుపత్రి వరండాలో, మంగలి దుకాణంలో, బస్సు కోసం నిలబడ్డ చోట, పెద్దవాళ్ళు ఎవరు కనపడితే వాళ్ళని ఆపాను. గుర్రాలు, పుట్టుమచ్చలు, ఒకచోట విషం కలిపిన పాలు. వాన మబ్బులు పట్టే రోజుకి నేను అలసిపోయాను. ఒక్క పేరాలో రాసి ఇచ్చాను: టీవీలు రావడంతో ప్రేక్షకులు తగ్గి హాలు మూతపడింది. ఇచ్చేటప్పుడు, "పోనీ ఆ నల్లుల సంగతి కూడా తీసేద్దామా?" అని అడిగాను, తలదించుకుని.

"నలుగురు చెప్పారు కదండీ. ఉండనివ్వండి" అన్నాడు.

అదే వారం హాలు పడగొట్టారు. నేను చూడటానికి వెళ్ళలేదు. నాన్నా బాబాయీ గొడుగు పట్టుకుని కలిసి వెళ్ళి, మిషన్ గది కిటికీల చెక్కలు రెండు తెచ్చుకున్నారు.

పుస్తకం విడుదల లైబ్రరీ హాల్లోనే పెట్టారు. బయట వాన. జనం బాగానే వచ్చారు. నాన్నా బాబాయీ ఇస్త్రీ బట్టలు కట్టుకుని ముందు వరుసలో కూర్చున్నారు. వాళ్ళ వెనకే అమ్మా పిన్నీ, తలలు దగ్గర చేర్చుకుని. మా హాలు పేజీ తెరిచి నాన్న పక్కవాళ్ళకి చూపిస్తున్నాడు. నేను బల్ల దగ్గర నిలబడి పుస్తకాలు అందిస్తున్నాను.

ఒక పెద్దాయన పుస్తకం తీసుకుని, అక్కడే నిలబడి పేజీలు తిప్పాడు. మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతోంది, దర్జీ అనుకుంటాను, దుకాణంలోంచి అలాగే వచ్చినట్టున్నాడు. మా హాలు పేజీ దగ్గర ఆగి, మళ్ళీ ఒకసారి చదివి, నా దగ్గరికి వచ్చాడు.

"ఈ హాల్లో రీలు రీలుకీ ఆపేవాళ్ళు కదమ్మా. అది రాయలేదేం?"

నా చేతిలోని పుస్తకం బల్ల మీద పెట్టాను.

"చీకటైపోయేది" అన్నాడాయన. "ఆ చీకట్లోనే నేను బయటికి వెళ్ళి ఓ బీడీ కాల్చుకుని, మళ్ళీ వచ్చి కూర్చునేవాణ్ణి. ఒకసారి నేను వచ్చేసరికి వేరే వాడెవడో నా కుర్చీలో ఉన్నాడు, కొట్టుకున్నంత పనైంది. ఆడవాళ్ళ వైపు నుంచి మాటలు వినపడేవి. పైకప్పు రేకులు కదూ, వానొస్తే ఇంకేం వినపడేది కాదు. సినిమాలేవీ గుర్తులేవమ్మా. హాలు మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది."

వేసవంతా నేను వెతికిన మనిషి. ఏ వీధిలో ఉన్నాడు, ఏ కుట్టుమిషన్ ముందు తల వంచుకుని కూర్చున్నాడు, నేనెన్నిసార్లు ఆ దుకాణం ముందు నుంచి నడిచిపోయానో. ఆయన గొంతు కొంచెం పెద్దది. నాన్న ఇటు తిరిగాడు. బాబాయి కూడా తిరిగాడు. వాళ్ళ వెనక అమ్మ మాట మధ్యలో ఆపి నా వైపు చూసింది, పిన్ని చెయ్యి పట్టుకునే ఉంది.

"అది ఈ హాలు కాదండీ" అన్నాను. "ఇంకేదో అయి ఉంటుంది."

"ఇదేనమ్మా. నేను మర్చిపోతానా?"

"మాది మా ఇంటి హాలేనండీ. నేను అందులోనే పెరిగాను. ఎప్పుడూ ఆగలేదు."

పెద్దాయన నా మొహం వంక చూశాడు. పేజీ మళ్ళీ తెరిచి ఆ పేరా మీద వేలు పెట్టి చదివాడు, పెదవులు కదుపుతూ. అచ్చులో ఉంది కదా.

"అంతేనేమో" అన్నాడు. "మీకంటే నాకు ఎక్కువ తెలుస్తుందా. ఏదో హాలుతో కలిపేసుకున్నానేమో. ఈ మధ్య ఇలాగే అవుతోంది, మా అబ్బాయి కూడా అంటున్నాడు."

పుస్తకం చంకలో పెట్టుకుని, గొడుగు ఎక్కడ పెట్టాడో గుర్తురాక తలుపు దగ్గర అటూ ఇటూ చూశాడు. నేను వెళ్ళి వెతికి తీసి ఇచ్చాను.